నోట్‌ప్యాడ్‌కు అర మార్కు

వంశపాలెంలో కుళాయి నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. ఏ వీధికి ఏ వేళకు వస్తాయన్నది పైన దేవుడికీ, కింద తవిటయ్యకూ తప్ప మూడో ప్రాణికి తెలియదు. తవిటయ్య పురపాలక సంఘంలో వాల్వులు తిప్పే మనిషి. ముప్పై ఏళ్లుగా వాల్వుకు తగిలించి తిప్పే పొడుగాటి ఇనుప తాళం భుజాన వేసుకుని, సైకిలు మీద ఊరంతా తిరుగుతూ, ఒక వీధికి కట్టి ఇంకో వీధికి విప్పుతుంటాడు. కరెంటు పోయినా, ఏటి దగ్గర మోటారు మొరాయించినా, కౌన్సిలరుగారింట్లో శుభకార్యం తగిలినా ఆ వేళలు మారిపోతాయి.

మారిన వేళలు జనానికి చెప్పే పని నీటి సరఫరా విభాగంలో కంప్యూటర్ ఆపరేటర్ ఢిల్లేశ్వరిది. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం. ఏటా మార్చి ఆఖరుకు ఊడిపోయి, పైవాళ్లకు దయ కలిగితే ఏప్రిల్ ఒకటిన మళ్లీ అతుక్కుంటుంది. పొద్దున్న ఎనిమిది కాకుండానే ఆమె బల్ల మీది ఫోన్ మోగడం మొదలుపెట్టేది. రోజుకు రెండొందల ఫోన్లు, రెండొందల సార్లు ఒకటే ప్రశ్న. సాయంత్రానికి ఆమె తల ప్రాణం తోకకొచ్చేది. ఇంటికెళ్లాక కూతురు "అమ్మా, అన్నం ఎప్పుడు?" అని అడిగితే "మీది ఏ వీధి?" అనేసిన రోజు కూడా ఉంది.

మూడేళ్ల కిందట విసిగిపోయి ఒక సాయంత్రం తవిటయ్యను పక్కన కూర్చోబెట్టుకుంది. మర్నాటి వేళలు అడిగి, కంప్యూటర్లో నోట్‌ప్యాడ్ తెరిచి, ఎప్పుడో మూడు నెలల కోర్సులో నేర్చుకున్న నాలుగు ముక్కలూ గుర్తు తెచ్చుకుని ఒక పేజీ రాసింది. పైన తేదీ, ఎడమ పక్క వీధి పేరు, కుడి పక్క వేళ. అంతే. రంగుల్లేవు, కదిలే అక్షరాల్లేవు, నవ్వుతూ నమస్కారం పెట్టే పెద్దమనుషుల ఫొటో ఒక్కటి కూడా లేదు. నొక్కితే తెరుచుకునేది. గీతలు పడ్డ పాత ఫోన్లోనూ తెరుచుకునేది, ఏటి గట్టున సిగ్నల్ ఒక్క గీతే ఉన్నచోట కూడా తెరుచుకునేది. మార్చడానికి రోజూ ఏడు నిమిషాలు పట్టేది.

నెల తిరిగేసరికి రెండొందల ఫోన్లూ పదికి దిగాయి. ఆ పది మందీ వేళ తెలిసినా సరే ఢిల్లేశ్వరి గొంతు విననిదే నమ్మని పెద్దవాళ్లు. ఎవరి సంతకమూ అక్కర్లేకుండా తన బుర్రతో తను చేసిన పని ఆమె జీవితంలో అదొక్కటే. ఎవరూ శాలువా కప్పలేదు గానీ, బజార్లో ఎవరైనా ఫోన్ తీసి ఆ పేజీ చూసుకుంటుంటే ఆమెకు కడుపు నిండిపోయేది.

ఇలా సజావుగా సాగిపోవడం ఏ కార్యాలయానికైనా మంచిది కాదు. జనవరిలో సర్క్యులర్ వచ్చింది.

రాష్ట్రంలోని పురపాలక సంఘాలన్నిటినీ 'డిజిటల్ పరిపక్వతా సూచిక' కింద కొలుస్తారట. నూటికి అరవై వస్తే పరిపక్వత వచ్చినట్టు, లేకపోతే రానట్టు. జతచేసిన ఫారంలో పద్నాలుగో ప్రశ్న ఒక్కదానికే ఎనభై మార్కులు. 'మీ వెబ్‌సైట్ నిర్మాణంలో వినియోగించిన సాంకేతిక పరికరాల పేర్లను వరుసగా పేర్కొనండి. ఒక్కొక్క పరికరానికి అర మార్కు.' సైట్ జనానికి పనికొస్తోందా అన్న ప్రశ్న మాత్రం ఫారం అటూ ఇటూ తిప్పి చూసినా లేదు. కాగితం చాలక వదిలేసి ఉంటారు.

ఢిల్లేశ్వరికి అబద్ధమాడే అలవాటు లేదు. 'ఒకటి. నోట్‌ప్యాడ్' అని రాసి పంపింది.

మిగతా మార్కులు మార్చి ఆఖర్లో తనిఖీ బృందం వచ్చి వేస్తుంది గనక, ప్రస్తుతానికి పద్నాలుగో ప్రశ్నతోనే ర్యాంకులు ప్రకటించారు. వంశపాలేనికి అర మార్కు వచ్చింది. రాష్ట్రంలో ఆఖరు. వెబ్‌సైటే లేని పక్క మునిసిపాలిటీకి ఇరవై రెండు మార్కులొచ్చాయి. కట్టబోయే సైట్‌కు ఏమేం వాడదలచుకున్నారో వాళ్లు నలభై నాలుగు పేర్లు రాశారు మరి.

కమిషనర్ శరత్‌చంద్ర పట్నాయక్‌గారు ఢిల్లేశ్వరిని పిలిపించారు. ఆయన చెడ్డవారు కాదు. ఏ పనినైనా మనస్ఫూర్తిగా చేస్తారు, ఆ పని అక్కర్లేనిదైతే మరీ శ్రద్ధగా చేస్తారు.

"అమ్మా, మన వెబ్‌సైట్ నొక్కగానే తెరుచుకుంటుందని వింటున్నాను. వాస్తవమేనా?"

"అవును సార్."

"తక్షణమేనా?"

"తక్షణమే సార్," అంది ఢిల్లేశ్వరి, మెచ్చుకుంటారనుకుని.

కమిషనర్‌గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "అక్కడే మన పరువు పోయింది. తక్షణం తెరుచుకుందంటే లోపల ఏమీ లేదన్న సంగతి పౌరుడికి తెలిసిపోతుంది. తలుపు తట్టగానే తెరిచే ప్రభుత్వ కార్యాలయాన్ని మీరెక్కడైనా చూశారా? తెరిస్తే ఎవరైనా లెక్కచేస్తారా?"

సాయంత్రానికి మెమో వచ్చింది. 'ఒకే ఒక్క పరికరముతో వెబ్‌సైటు నిర్మించవలసిన అగత్యము ఏ పరిస్థితులలో ఏర్పడినదో మూడు దినములలోగా సంజాయిషీ ఇచ్చుకొనవలెను.' ఆమె రాత్రంతా ఆలోచించి, 'అంతకంటే అవసరం పడలేదు' అని ఒక వాక్యం రాసిచ్చింది. దాని మీద కమిషనర్‌గారు ఎర్ర సిరాతో 'సంజాయిషీ కూడా మరీ సరళంగా ఉన్నది. తృప్తికరము కాదు' అని రాసి, కింద ఇంకో వాక్యం చేర్చారు. మార్చి తనిఖీలో అరవై దాటనిచో ఆపరేటర్ పోస్టు కొనసాగింపునకు ప్రతిపాదన పంపబడదు. ఆ వాక్యాన్ని ఢిల్లేశ్వరి రెండుసార్లు చదువుకుంది. ఆమె ఉద్యోగం పోతే ఇంట్లో పొయ్యి మీద గిన్నె ఎక్కదు.

వారం తిరక్కుండా కన్సల్టెంట్ దిగాడు. పేరు నిశాంత్. బెంగళూరులో పనిచేస్తున్న పాతికేళ్ల కుర్రాడు, మర్యాదస్తుడు, అందరినీ మేడం, సర్ అంటాడు. సమావేశ మందిరంలో తెల్లబోర్డు మీద గళ్లు గీసి, గళ్ల మధ్య బాణాలు వేసి, బాణాల మీద మళ్లీ గళ్లు గీశాడు. కమిషనర్‌గారు ఒక్కో గడికీ అర మార్కు చొప్పున వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ మురిసిపోతున్నారు. నీటి సరఫరాలో అనుభవజ్ఞుడి హోదాలో తవిటయ్యను కూడా పిలిచి కుర్చీ వేశారు. ఉద్యోగంలో చేరాక ఆ మందిరంలో ఆయన కూర్చోవడం అదే మొదలు.

"బాబూ," అన్నాడు తవిటయ్య, కాసేపు గళ్లు చూసి. "రేపు పద్నాలుగో వార్డుకి ఆరింటికి ఇప్పుతాను. ఆ ముక్క ఇందులో ఏ గడిలో రాత్తారు?"

"అది డేటా అంకుల్. అది చివర్లో వస్తుంది. ముందు దాన్ని మోసుకెళ్లే వ్యవస్థ కట్టాలి."

"మోయడానికేటుంది బాబూ, ఆరింటికి అని రెండు ముక్కలే కదా."

"ఇవాళ రెండు ముక్కలే. రేపు ఒకేసారి కోటి మంది మన సైట్ తెరిచారనుకోండి?"

"ఊర్లో ఉన్నది అరవై వేల మందే. అందులో సగం మందికి కుళాయిల్లేవు."

"అదే ముందుచూపంటే!" అన్నారు కమిషనర్‌గారు, బల్ల మీద చరిచి. "వంశపాలెం జనాభా కోటికి చేరిన నాడు మనం బిక్కమొహం వేయకూడదు."

కోటి మందికి నీళ్లెక్కణ్ణుంచి వస్తాయని అడగబోయి, తవిటయ్య ఆ కుర్చీ తీసేస్తారేమోనని ఊరుకున్నాడు.

విరామంలో వరండాలో టీ తాగుతూ నిశాంత్ ఢిల్లేశ్వరి పక్కన నిలబడ్డాడు. "మేడం, మీ పాత పేజీ చూశాను. నిజం చెప్పనా? అందులో ఒక్క అక్షరం కూడా మార్చక్కర్లేదు."

"మరి ఆ మాట లోపల చెప్పొచ్చు కదండీ?"

అతను గ్లాసులోకి చూశాడు. "చెప్తే నేను ఇంటికెళ్లిపోవాలి మేడం. ఆ తర్వాత ఇంకో చోట ఉద్యోగానికి వెళ్తే ఏమేం వచ్చని అడుగుతారు. నోట్‌ప్యాడ్ వచ్చంటే లోపలికి రానిస్తారా? మా దగ్గర అందరిదీ అదే గొడవ. చిన్న పనికి పెద్ద సామాను వాడినవాడే పెద్దవాడు."

అతని మీద కోపం తెచ్చుకుందామని ఢిల్లేశ్వరి చాలా ప్రయత్నించింది గానీ రాలేదు. తనకు ఏప్రిల్ ఎలాగో, అతనికి ఆ గళ్లు అలాగ.

ఫిబ్రవరి నెలాఖరుకు కొత్త సైట్ తయారైంది. ఎనభై మూడు పరికరాలు పట్టాయి. తెరవగానే నీలం రంగులో నీటి బొట్టు పడుతుంది, అలలు లేస్తాయి, కమిషనర్‌గారి సందేశం ఎడమ నుంచి కుడికి ఈదుకుంటూ వెళ్తుంది. ఆ తర్వాత ఫోన్ నంబరు కొట్టాలి, వచ్చిన అంకెలు కొట్టాలి, ఆధార్ ప్రకారం ఇంటిపేరు కొట్టాలి, నిబంధనలు చదివి ఒప్పుకోవాలి. అవన్నీ అయ్యాక ఒక గుండ్రం తిరగడం మొదలవుతుంది. ప్రారంభోత్సవం నాడు కమిషనర్‌గారు ఆ గుండ్రాన్ని అరగంట సేపు కన్నార్పకుండా చూసి, "చూడండి, ఎంత శ్రమిస్తోందో!" అన్నారు. కళ్లజోడు తీసి అద్దాలు తుడుచుకున్నారు.

అదే రోజు పాత పేజీని తొలగించమని ఉత్తర్వు వచ్చింది. ఢిల్లేశ్వరి వేళలన్నీ చెరిపేసి, ఆ చోట 'ఈ పేజీ తొలగించబడినది' అని ఒక ముక్క రాసి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. కంప్యూటర్లో ఒక కాగితం ముక్క పోతే ఏడుస్తారా అని ఎవరైనా నవ్వుతారేమోనని చుట్టూ చూసింది. అదృష్టవశాత్తూ అందరూ గుండ్రం చూస్తున్నారు.

ఇప్పుడు ఒక వీధి వేళ మార్చాలంటే మొదట వినతి పెట్టాలి. దాన్ని ఇద్దరు అధికారులు ఆమోదించాలి. తర్వాత సైట్ మొత్తం తనను తాను మొదటినుంచీ కట్టుకోవాలి. కట్టుకోవడానికి రెండు గంటల నలభై నిమిషాలు పడుతుంది. ఆ కాసేపట్లో కంప్యూటర్ వేడెక్కిపోతోందని కమిషనర్‌గారి గదిలో ఉన్న ఏసీని ఊడదీసి దానికి పెట్టారు. ఆయన చెమటలు కక్కుతూ కూడా ఫిర్యాదు చేయలేదు. పరిపక్వతంటే ఆయనకు అంత ఇష్టం.

మార్చి మొదటి వారంలో ఒకనాడు సైట్ కట్టుకోవడమే మానేసింది. నిశాంత్ మధ్యాహ్నం దాకా వెతికి సంగతి తేల్చాడు. ఎనభై మూడు పరికరాల్లో ఒకదాని పని, తేదీ సరిసంఖ్యా బేసి సంఖ్యా అని చెప్పడం. రోజు విడిచి రోజు నీళ్లు కదా, అందుకని పెట్టారు. దాన్ని తయారుచేసినాయన ఎక్కడో మంచు పడే దేశంలో ఉంటాడట. ఊరికే అందరికీ వాడుకోవడానికి పెట్టాడు, ఇప్పుడేదో అలిగి తీసేసుకున్నాడు.

కొత్త సైట్ కోసం వేసిన సాంకేతిక సమన్వయ కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. సదరు వ్యక్తికి జిల్లా కలెక్టరు ద్వారా, రాష్ట్ర ప్రభుత్వం ద్వారా, విదేశాంగ శాఖ ద్వారా లేఖ రాసి, సరి బేసి వివరములు మునుపటివలె అందజేయవలసినదిగా కోరాలని తీర్మానించారు. తలుపు దగ్గర నిలబడ్డ తవిటయ్య దగ్గాడు.

"నిన్న ఇచ్చినాం కదండీ. ఈయాల లేదు. రేపు ఇత్తాం. ఇందులో ఆ దొరగారికేటి సంబంధం?"

"తవిటయ్యా, అది నీ వ్యక్తిగత జ్ఞానం," అన్నారు కమిషనర్‌గారు ఓపిగ్గా. "నువ్వు రిటైరైతే పోతుంది. వ్యవస్థకు నిలకడ ఉండాలి."

నిలకడ కోసం ఊరు రెండు రోజులు ఎదురుచూసింది. ఆఖరికి నిశాంత్ అలాంటిదే ఇంకో పరికరం వెతికి తగిలించాడు. దానితో పాటు వెయ్యిన్నొక్క తోక పరికరాలు వచ్చిపడ్డాయి గానీ, అవి ఉపపరికరాలు గనక వాటికి మార్కులు వర్తించవని సర్క్యులర్ చదివి కమిషనర్‌గారు కొంచెం బాధపడ్డారు.

ఈలోగా జనం ఆఫీసుకు రావడం మొదలైంది. అందరికంటే ముందు వచ్చింది గున్నమ్మ. పద్నాలుగో వార్డు చివర కుమ్మరి వీధి మొగలో ఇడ్లీ బండి ఆమెది. తెల్లారి నీళ్లు పట్టుకుంటేనే ఆ రోజు పొయ్యి వెలుగుతుంది. ఖాళీ బిందె తెచ్చి తిన్నగా కమిషనర్‌గారి బల్ల మీదే పెట్టింది.

"బాబూ, మీ సైటు తెరిత్తే సక్రం తిరుగుతంది. ఒప్పుకుంతాను, శానా బాగా తిరుగుతంది. అది తిరగడం ఆగి ఆరింటికి నీళ్లని సెప్పీసరికి ఏడయిపోనాది. నీళ్లొచ్చీసి ఎల్లిపోనాయి. నానేటి సెయ్యాల?"

కమిషనర్‌గారు ఆమె ఫిర్యాదును చాలా శ్రద్ధగా విన్నారు. కళ్లు మూసుకుని ఆలోచించారు. తెరిచేసరికి ఆయన ముఖం వెలిగిపోతోంది.

"సమస్య అర్థమైంది. సైట్ ఆలస్యం కావడం లేదమ్మా. నీళ్లే ముందొచ్చేస్తున్నాయి."

మర్నాడు ఉత్తర్వులు వెలువడ్డాయి. 'నీటి సరఫరా యందలి క్రమశిక్షణా రాహిత్యము దృష్ట్యా, ఇకమీదట నీరు వెబ్‌సైటునకు లోబడి ప్రవహించవలెను. సైటు అనుమతి సంకేతము వెలువడనిదే ఏ వాల్వునూ తెరువరాదు.' తవిటయ్య భుజం మీది ఇనుప తాళాన్ని తీయించి ఢిల్లేశ్వరి గదిలోని బీరువాలో పెట్టించారు. తవిటయ్య తన ఫోన్లో సైట్ తెరిచి అనుమతి పొందాలి, ఆ సంకేతం ఢిల్లేశ్వరికి చూపించాలి, ఆమె రిజిస్టర్లో సంతకం తీసుకుని తాళం ఇవ్వాలి. తాళం లేని తవిటయ్య సైకిలు తొక్కుతుంటే ఒక పక్కకు ఒరిగిపోతున్నట్టు కనిపించేవాడు. ముప్పై ఏళ్ల బరువు మరి.

అనుమతి అడిగేవాడు మనిషేనని సైట్ ముందు రుజువు చేసుకుంటుంది. తొమ్మిది చిన్న ఫొటోలు చూపించి, వీటిలో అగ్నిమాపక కుళాయిలు ఉన్నవాటిని నొక్కమంది. ఏవో విదేశీ వీధులు, వాటి అంచున పొట్టిగా ఎర్రగా ఏవో దిమ్మలు. తవిటయ్య ఒక్కో ఫొటోనూ కంటికి దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"అమ్మీ, ఇందులో కుళాయిల్లేవు."

"ఆ ఎర్రవాటినే కుళాయిలంటున్నారు తాతా. నొక్కీ."

"నొక్కను," అన్నాడు తవిటయ్య. "ముప్పై ఏళ్లనుంచి ఈ ఊర్లో ప్రతి కుళాయీ నా సేత్తో తిప్పినాను. కుళాయికి సెవి ఉండాల, ముక్కుండాల. దీనికి ముక్కేదీ? కానిదాన్ని కుళాయని నా సేత్తో ఎలగ నొక్కుతాను?"

ఢిల్లేశ్వరి బతిమాలింది. నిశాంత్ బతిమాలాడు. తవిటయ్య తన వృత్తి మీద ఒట్టేసి ఒక్క ఫొటో కూడా నొక్కలేదు. సైట్ మూడు అవకాశాలిచ్చి, తవిటయ్య మనిషి కాడని తేల్చి, డెబ్భై రెండు గంటలు నిషేధించింది. నిషేధం ఎత్తేసే అధికారం ఎవరికుందని వెతికితే, అది కమిటీ తీర్మానం చేయవలసిన అంశమని తేలింది. కమిషనర్‌గారేమో తనిఖీ బృందం ఏర్పాట్లలో తలమునకలై ఉన్నారు.

మొదటి రోజు నీళ్లు రాలేదు. అది రాని రోజేననుకుని జనం సర్దుకున్నారు. రెండో రోజు రావాలి, రాలేదు. మూడో రోజుకు ఊరు అట్టుడికిపోయింది. పైన ట్యాంకు మాత్రం నిండి పొంగిపొర్లింది, కింద గేదెలు హాయిగా పడుకున్నాయి. ఏటి దగ్గర మోటారుకు ఎవరూ ఉత్తర్వు పంపలేదు గనక అది తన పాటికి తను తోడుతూనే ఉంది.

మూడో రోజు సాయంత్రం గున్నమ్మ మళ్లీ వచ్చింది. మర్నాడే తనిఖీ. కమిషనర్‌గారూ నిశాంతూ తనిఖీ బృందానికి ఎదురెళ్లారు. ఆఫీసులో ఢిల్లేశ్వరి, మెట్ల మీద తవిటయ్య తప్ప ఎవరూ లేరు. ఈసారి గున్నమ్మ చేతిలో బిందె లేదు. గొంతులో కోపమూ లేదు.

"డిల్లమ్మా, తగువాడడానికి రాలేదే. బండి కట్టీసి మూడ్రోజులయినాది. నీళ్లు ఎప్పుడొత్తాయో అడగను. అసలొత్తాయా రావా, అదొక్కటి సెప్పు. రావంటే మా సెల్లెలి కాడికి ఎల్లిపోతాను."

తిట్టి ఉంటే బాగుండేది. తిట్లు పడడం ఢిల్లేశ్వరికి అలవాటే. 'అసలొస్తాయా' అని అంత మెల్లగా అడిగేసరికి ఆమెకు సిగ్గేసింది. ఊరికి నీళ్లెప్పుడో చెప్పడమే తన ఉద్యోగం. ఆ ఉద్యోగం కాపాడుకోవడానికి మూడు రోజులుగా తను ఆ ఒక్క ముక్కే చెప్పడం లేదు. మార్చి ఆఖరు గుర్తొచ్చింది. పాప బడి గుర్తొచ్చింది. ఎర్ర సిరా గుర్తొచ్చింది. భయం వేసింది, బాగానే వేసింది.

లేచి బీరువా తీసింది.

"తాతా, ఇందా నీ తాళం. కుమ్మరి వీధితో మొదలుపెట్టి అన్నిటికీ ఇప్పీ. ఏ వీధికి ఎన్నింటికో చెప్పి వెళ్లు."

తవిటయ్య రిజిస్టరు కేసి చూశాడు. "మరి సంతకం?"

"వద్దు. నేనిచ్చానని నేను చెప్పుకుంటాను."

తాళం భుజానికెక్కగానే తవిటయ్య సైకిలు నిటారుగా నిలబడింది. ఢిల్లేశ్వరి నోట్‌ప్యాడ్ తెరిచింది. 'ఈ పేజీ తొలగించబడినది' అన్న ముక్క చెరిపేసి, వీధుల పేర్లు, వేళలు కొట్టింది. మొదటినుంచీ కొట్టాల్సి రావడం వల్ల ఆ రోజు ఏడు నిమిషాలు కాదు, పది పట్టింది. గున్నమ్మ తన గీతల ఫోన్లో నొక్కింది. పేజీ తెరుచుకుంది. "ఆరుంబావు," అని చదువుకుని, ఇంకో మాట లేకుండా పరిగెత్తింది. రాత్రి లోపు ఆ కబురు ఊరంతా పాకిపోయింది.

మర్నాడు జాయింట్ డైరెక్టర్ వాగ్దేవిగారు తనిఖీకి వచ్చారు. ఢిల్లేశ్వరి గోడవారగా నిలబడింది. ఇంటి దగ్గర్నుంచి ఖాళీ సంచీ కూడా తెచ్చుకుంది, బల్ల సొరుగులోని తన సామాను పట్టుకెళ్లడానికి. అప్పటికే ఎవరో కమిషనర్‌గారి చెవిన వేశారు. ఆయన ఆమె వంక చూసిన చూపులో మెమో మొత్తం ఉంది, నంబరూ తేదీతో సహా.

తెర మీద కొత్త సైట్ వేశారు. బొట్టు పడింది, అలలు లేచాయి, సందేశం ఈదింది. గుండ్రం ఒక్కసారి తిరిగి ఠక్కున ఆగింది. వేళలు వచ్చేశాయి. నిశాంత్ నోరు వెళ్లబెట్టాడు. కమిషనర్‌గారు అప్రయత్నంగా ఢిల్లేశ్వరి వైపు తిరిగారు.

"నిన్న సాయంత్రం నుంచి ఒక్క క్షణం కూడా ఆగలేదే!" అన్నారు వాగ్దేవిగారు, సైట్ పనితీరు చూపించే గీతల పట్టిక చూస్తూ. "ఏ ఊళ్లోనూ ఇంత నిలకడ చూడలేదు. ఇప్పుడు ఎంతమంది వాడుతున్నారు?"

నిశాంత్ చూశాడు. మనం ఐదుగురమే మేడం అని నాలుక చివరిదాకా వచ్చింది. కమిషనర్‌గారు అందుకున్నారు. "మేడం, ఈ వ్యవస్థ కోటి మందిని దృష్టిలో పెట్టుకుని నిర్మించబడినది. ప్రస్తుత రద్దీని అది గమనించను కూడా గమనించడం లేదు."

ఊరంతా పాత పేజీ మీద ఉంది. ఎవరూ తొక్కని కొత్త సైట్ మొదటిసారి హాయిగా ఊపిరి పీల్చుకుంటోంది. పరికరాలకు నలభై ఒకటిన్నర, నిలకడకు ఇరవైకి ఇరవై. అరవై ఒకటిన్నర మార్కులతో వంశపాలేనికి పరిపక్వత వచ్చేసింది.

కార్లు వెళ్లిపోయాక కమిషనర్‌గారు ఢిల్లేశ్వరిని లోపలికి పిలిచారు. తలుపు వేయమన్నారు. పెన్ను చేతిలోకి తీసుకున్నారు.

"ఉత్తర్వుకు విరుద్ధంగా తాళం ఇచ్చారు. తొలగించిన పేజీని తిరిగి తెరిచారు. ఇది క్రమశిక్షణా చర్యకు అర్హమైన నేరం."

"అవును సార్."

"ఆ పేజీని ఇప్పుడు మూసేస్తే జనమంతా మళ్లీ కొత్త సైట్ మీద పడతారు. అది కుప్పకూలుతుంది. మన నిలకడ పోతుంది. వచ్చే ఏడాది మళ్లీ తనిఖీ ఉంది." ఆయన పెన్ను కింద పెట్టారు. "అందుచేత ఆ పేజీ ఫైల్లో తొలగించబడే ఉంటుంది. నోటిమాటగా మాత్రం కొనసాగుతుంది. తాళం కూడా అంతే. బీరువాలో ఉన్నట్టు రిజిస్టరు చెబుతుంది, తవిటయ్య భుజాన ఉంటుంది. అర్థమైందా?"

అర్థమైంది. ఏప్రిల్ ఒకటిన ఆమె ఉద్యోగం అతుక్కుంది. 'కొత్త వెబ్‌సైటు నిర్వహణలో కనబరచిన విశేష ప్రతిభకు గాను' అని కాగితం మీద రాశారు. ఇప్పుడామెకు రోజంతా ఎవరూ తెరవని సైట్‌ను కాపలా కాసే పని. దానికి జీతం. సాయంత్రం ఏడు నిమిషాలు మాత్రం, లేని పేజీలో ఊరి నీళ్ల వేళలు మారుస్తుంది. ఆ ఏడు నిమిషాలే తను చేసే ఉద్యోగమని ఆమెకు తెలుసు. అందుకే బస్సు తప్పిపోయినా సరే అది చేసే వెళ్తుంది.

ఒక సాయంత్రం తవిటయ్య రావడం ఆలస్యమైంది. ఏటి దగ్గర మోటారు మళ్లీ మొరాయించింది. ఆయన కోసం చూస్తూ కూర్చుంటే ఫోన్ మోగింది. కమిషనర్‌గారు, క్వార్టర్స్ నుంచి.

"అమ్మా ఢిల్లేశ్వరీ, ఆ తొలగించిన పేజీలో రేపటి టైములు ఇంకా పెట్టలేదేంటమ్మా? మా ఇంట్లో డ్రమ్ములు కడుక్కుని కూర్చున్నారు."

"కొత్త సైట్‌లో పొద్దున్నే పెట్టేశాం సార్, మీరు సంతకం చేసిన టైములే. ఒకసారి అందులో..."

ఆయన గొంతు తగ్గించి, దాదాపు బతిమాలుతున్నట్టుగా అన్నారు.

"అది మార్కులకమ్మా. మాకు నీళ్లు కావాలి."